కారు ఇల్లు కాదుగా

మరీహామ్న్, ఓలాండ్ దీవులు
9 అక్టోబర్ 1983

వదినా,

ముందు నీ మీద ఫిర్యాదు. జులైలో అమెరికాలో, పార్సిప్పనీలో మీ ఇంట్లో నెల్లాళ్లు తిని, పడుకుని, వచ్చేటప్పుడు రెండు పచ్చడి సీసాలు ఎత్తుకొచ్చిన ఆడపడుచు ఉందో పోయిందో అని ఒక్క ముక్క రాయవేం? ఉన్నాను. మీ అన్నయ్యగారు, అదే మా ఆయన, కూడా ఉన్నారు. ఓడలో అందరూ ఆయన్ని 'ఇంజనీర్ సూర్య' అంటారు, సూర్యప్రకాశ్‌లో ప్రకాశ్‌ని ఎక్కడో దింపేశారు. డ్యూటీకి వెళ్తే మూడో రోజుకి గాని ఇంటికి రారు. అందుకని నాకు మాట్లాడటానికి మా ఇంటి ఓనరు ఇంగ్రిడ్ గారే దిక్కు. ఆవిడకి డెబ్భై ఏళ్లు, నా స్వీడిష్‌కి రెండు నెలలు.

ఫిన్లాండ్‌లో స్వీడిష్ ఏమిటి అంటావు. ఓడ దిగిన రోజు నేనూ అదే అన్నాను. దేశం ఫిన్లాండే, డబ్బు కూడా వాళ్లదే, కానీ ఈ దీవుల వాళ్ల మాట స్వీడిష్. అరవై ఏళ్ల కిందట ఈ దీవులు ఎవరివని తగువొస్తే, నేల ఫిన్లాండ్‌ది, భాష మాత్రం దీవుల వాళ్లది అని పెద్ద దేశాలు కూర్చుని తీర్పు చెప్పాయట. అప్పట్నుంచీ బడిలో, ఆఫీసులో, దుకాణంలో అంతా స్వీడిష్షే. సొంత శాసనసభ ఉంది, సొంత జెండా ఉంది. ఇంతా చేసి మనుషులు ఇరవై మూడు వేల పైచిలుకు. మన బెజవాడలో ఒక్క పేటలో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు.

మొన్న ఇంగ్రిడ్ గారికి అవతలి గట్టు ఫిన్లాండ్ నుంచి ఏదో ఆఫీసు కాగితం ఫిన్నిష్‌లో వచ్చింది. ఆవిడ కోప్పడలేదు. కాఫీ పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని, "దయచేసి స్వీడిష్‌లో రాయండి" అని చక్కటి చేతిరాతతో రాసి వెనక్కి పంపింది. మళ్లీ ఫిన్నిష్‌లో వచ్చింది. మళ్లీ అదే చీటీ, అదే చేతిరాత. మూడోసారి స్వీడిష్‌లో వచ్చింది. నాకు లేచి దణ్ణం పెట్టాలనిపించింది వదినా! గొంతు పెంచలేదు, ఎవర్నీ ఒక మాట అనలేదు. తన భాషలో తనకి కాగితం తెప్పించుకుంది, అంతే.

ఇంకో వింత. ఇక్కడ రవ్వ, పాలు, ఏలకులు కలిపి మందంగా అట్టులాంటిది కాలుస్తారు. కళ్లు మూసుకుని తింటే నీ రవ్వకేసరే. ఈ చలిలో ఏలకుల వాసన రాగానే ఏడుపొచ్చింది.

నా మేనకోడలు మీనా మాటలు ఒక క్యాసెట్ నింపి పంపు. జులైలో తను నాకు చెప్పిన ఆ ఏనుగు స్నానం కథ తప్పకుండా ఉండాలి. అన్నయ్య ఈ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివేటప్పుడు ఇంగ్రిడ్ గారి మాటలు గొంతు మార్చి చదవమను, మీనాకి అదే ఇష్టం. కవరు మీది స్టాంపు అన్నయ్యకే. చిన్నప్పుడు అమ్మ కాఫీకి పెట్టిన నీళ్ల ఆవిరి మీద పట్టి ఊడదీసేవాళ్లం, గుర్తుందా అని అడుగు.

మీనా బుగ్గ మీద ఒకటి, అన్నయ్య నెత్తిన ఒకటి.
నళిని


పార్సిప్పనీ
2 నవంబర్ 1983

నళినికి,

ఉత్తరం అందింది. మేమంతా కులాసా. చలి మొదలైంది. మీనా కిండర్‌గార్టెన్‌లో చేరింది. మీ అన్నయ్యకి ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

క్యాసెట్ ఇప్పట్లో కుదరదు. టేప్‌రికార్డర్ పాడైంది. స్టాంపు మీ అన్నయ్య చూశారు, ఫిన్లాండ్‌వి తన దగ్గర ఉన్నాయన్నారు. ఉత్తరాలు పైకి చదవడం మానేశారు. తీసుకొచ్చి ఫ్రిజ్ మీద పెడతారు, నేను చదువుకుంటాను.

మీ దీవుల వాళ్లు గొప్పవాళ్లే. కాదనను. కానీ వాళ్లకి పెద్ద దేశాలు ఇచ్చిన తీర్పుంది, శాసనసభ ఉంది, జెండా ఉంది. మాకున్నది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్, ఒక పాత స్టేషన్ వ్యాగన్. ఎవరి వీలును బట్టి వాళ్లు బతుకుతారు.

అన్నయ్యగారిని అడిగానని చెప్పు. ఆయన వెళ్లేది చలి సముద్రం, మఫ్లర్ మరిచిపోనివ్వకు.

హైమ


మరీహామ్న్
27 నవంబర్ 1983

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చలికి పొట్టిగా రాశావనుకున్నాను. మూడోసారికి అర్థమైంది, నామీద కోపంగా రాశావు. నేనేం చేశాను? పచ్చడి సీసాల సంగతయితే ఖాళీవి తిరిగి పంపేస్తాను.

అన్నయ్య నా ఉత్తరం చదవలేదా? ఎనిమిదో తరగతిలో నేను రాసిన పిచ్చి కథలు కూడా వీధరుగు మీద నిలబడి నలుగురికీ చదివి వినిపించిన మనిషి! తెలుగు ఉత్తరం చేతపట్టుకోవడానికి అమెరికాలో అంత నామోషీగా ఉందా? పదేళ్లకే ఇంత దొర అయిపోయాడా? ఇరవై మూడు వేల మంది తమ మాట పట్టుకుని ఒక దేశానికి దేశంతో మర్యాదగా నెగ్గుకొస్తున్నారు. మీ ఇంట్లో ఉన్నది ముగ్గురు. ముగ్గురికి ఒక మాట నిలుపుకోవడం అంత బరువా?

ఇలా రాయకూడదనుకుంటూనే రాశాను, కొట్టెయ్యను. మీనా కోసం అక్షరాల పుస్తకం ఒకటి నా చేత్తో కుట్టి, బొమ్మలు వేసి పంపుతున్నాను. ఏనుగు బొమ్మ కాస్త పందిలా వచ్చింది. సర్దుకోమను.

నీ ఆడపడుచు
నళిని


పార్సిప్పనీ
20 డిసెంబర్ 1983

నళినీ,

పుస్తకం వచ్చింది. నా చీరల కింద దాచాను. ఎందుకో చెబుతాను. మధ్యలో కన్నీళ్లు పెట్టుకోకుండా చదువు, నేను పెట్టుకుంటూ రాస్తున్నాను, అది చాలు.

మీనా మాట్లాడటం లేదు.

సెప్టెంబరులో స్కూల్లో చేరింది. మూడు వారాలు నోరు విప్పలేదు. రంగు పెన్సిలు కావాలన్నా వేలు చూపిస్తుందట. మమ్మల్ని పిలిచారు. అక్కడి స్పీచ్ థెరపిస్ట్ మంచిదే, నవ్వుతూ మాట్లాడింది. రెండు భాషలతో పిల్ల తికమక పడుతోంది, ఒకటి ఆపెయ్యండి అంది. ఏది ఆపాలో చెప్పక్కర్లేదుగా. 'ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే' అని టైపు చేసి ఇచ్చింది. అది మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

మీ అన్నయ్యకి నామోషీ కాదమ్మా, భయం. వాళ్ల గ్రూపులో తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఈ ఏడు తనకి మేనేజర్ అయ్యాడు. ఎందుకని అడిగితే, నీ మాట అందరికీ అంత తేలిగ్గా అందదు అన్నారట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. తన కూతురికి ఆ మాట పడకూడదని ఆయన పట్టుదల. రోజూ దాని మంచం పక్కన కూర్చుని ఇంగ్లీషు కథల పుస్తకం చదువుతారు. పాఠం ఒప్పజెబుతున్నట్టు చదువుతారు. అది గోడవైపు తిరిగి పడుకుంటుంది. నీ ఉత్తరం పైకి చదివితే నియమం తప్పినట్టవుతుందని చదవలేదు. విప్పితే పైకి చదవకుండా ఉండలేనని అసలు విప్పలేదు. ఆయన్ని దొర అన్నావు.

ఇప్పుడు అసలు సంగతి. స్కూల్లో ఇంగ్లీషు రాలేదు సరికదా, ఇంట్లో ఉన్న మాట కూడా పోయింది. 'యెస్', 'నో', 'మిల్క్' అంటుంది. ఏనుగు కథ లేదు, పేచీ లేదు. జులైలో నీ చెవులు తినేసిన పిల్ల ఇది! టేప్‌రికార్డర్ పాడవలేదు. దాంట్లో పెట్టడానికి ఏమీ లేదు.

నీ ఉత్తరంలో ఆ దీవుల వాళ్లని పొగుడుతుంటే ప్రతి వాక్యం నాకే తగిలింది. తగలాలని నువ్వు రాయలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఈ సంగతి నీకు రాసినట్టు మీ అన్నయ్యకి తెలియనివ్వకు.

హైమ


మరీహామ్న్
8 జనవరి 1984

వదినా,

నా చెంపలు నేనే వాయించుకున్నాను. దూరాన కూర్చుని, ఏమీ తెలియకుండా, పెద్ద కబుర్లు చెప్పాను. అన్నయ్య గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా ఉత్తరం దొరికితే ఆ ముక్క చింపెయ్యి.

సలహా చెప్పే చదువు నాకు లేదు. కళ్లతో చూసింది మాత్రం చెబుతాను, నీకు పనికొస్తే తీసుకో.

మా పక్క వాటాలో ఐనో అని ఒకావిడ ఉంది. ఫిన్నిష్ మనిషి. ఇక్కడ ఫిన్నిష్ మాట్లాడేవాళ్లు నూటికి నలుగురో ఐదుగురో ఉంటారంతే. తలుచుకుంటే నవ్వొస్తుంది, దేశంలో వాళ్లు ఎక్కువ, ఈ దీవిలో తక్కువ. ఆవిడకి మీనా అంత కూతురుంది. తల్లీకూతుళ్లు గుమ్మం లోపల ఫిన్నిష్. గుమ్మం దాటి మెట్ల మీద కాలు పెట్టగానే ఆ పిల్ల స్వీడిష్. ఎవరూ చెప్పరు, గుర్తు చెయ్యరు. చెప్పులు వేసుకున్నట్టు మాట మార్చుకుంటుంది. పిల్ల తికమక పడదా అని ఐనోని అడిగాను. "తికమక నాకే. దానికి ఎక్కడ ఏదో తెలుసు" అంది.

ఇంకోటి. మొన్న ఐనో జ్వరంతో పడుకుంటే ఇంగ్రిడ్ గారు సూప్ గిన్నె పట్టుకుని వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. మంచం పక్కన కూర్చుని ఫిన్నిష్‌లో ఎంత చక్కగా మాట్లాడిందనుకున్నావు! మరి ఆ కాగితాలు ఎందుకు తిప్పికొట్టారని బయటికొచ్చాక అడిగాను. "అది ఆఫీసు. ఆఫీసు నా భాషలో రాయాలి. ఇది జ్వరం. జ్వరానికి ఆవిడ భాష కావాలి" అంది. అక్టోబరులో ఆవిడ పంతానికి దణ్ణం పెట్టాలనిపించిందని రాశాను కదా. ఇప్పుడు రెండు దణ్ణాలు.

ఇక్కడ అందరూ ఇలాగే ఉంటారని కాదు. ఐనోకి దుకాణాల్లో ఎన్నిసార్లు చురకలు తగిలాయో ఆవిడే చెప్పింది. అయినా తన గుమ్మం లోపల తన మాట ఉంది. ఆ గుమ్మం జోలికి ఎవరూ రారు.

మీనా కోసం రోజూ అనుకుంటున్నాను.
నళిని


పార్సిప్పనీ
5 ఫిబ్రవరి 1984

నళినీ,

నేనొక దొంగపని మొదలుపెట్టాను. నీ ఐనో పుణ్యమే.

కిందటి సోమవారం మీనాని స్కూలుకి తీసుకెళ్తూ ఆ గుమ్మం సంగతే ఆలోచిస్తున్నాను. మా గుమ్మం లోపల ఇంగ్లీషు, బయటా ఇంగ్లీషు. పిల్లకి చెప్పులు విప్పుకునే చోటే లేదు. ఫ్రిజ్ మీది కాగితం కళ్లముందు ఆడుతోంది. 'ఇంట్లో' అని కదా రాసింది? కారు ఇల్లు కాదుగా!

వెంటనే తెలుగులో మొదలెట్టాను. ముందు పోతున్న ట్రక్కుని తిట్టాను, మంచుని తిట్టాను, హీటరు ఆలస్యంగా వేడెక్కుతున్నందుకు కారునీ తిట్టాను. వెనక సీట్లో ఉలుకూ పలుకూ లేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు సిగ్నల్ దగ్గర ఆగితే వెనక నుంచి సన్నగా వినపడింది.

"అమ్మా, ఇక్కడ తెలుగు ఒప్పుకుంటారా?"

స్టీరింగ్ వదిలేసి ఏడ్చేదాన్నే. "ఒప్పుకుంటారు" అన్నాను.

"పోలీసులు?"

"పోలీసులు కూడా."

కాసేపు ఆలోచించింది. తర్వాత స్కూలు గేటు దాకా ఆపలేదు. టీచరు జుట్టు గురించి, సింకు కింద ఉన్న చిట్టెలుక గురించి, మన ఏనుగుకి తమ్ముడు పుట్టడం గురించి. తలుపు తీశానో లేదో, నోరు మూత. సాయంత్రం మళ్లీ తలుపు వెయ్యగానే, పొద్దున ఆపిన చోటి నుంచే!

ఇప్పుడు దానికో చట్టం ఉంది. కార్లో ఎవరెక్కినా తెలుగే మాట్లాడాలి. ఇంట్లోకి అడుగుపెడితే ఇంగ్లీషే. నేను ఒకసారి వంటింట్లో పొరపాటున "మీనమ్మా" అన్నాను. "ఇది ఇల్లు" అని ఇంగ్లీషులో హెచ్చరించింది. మీ ఇంగ్రిడ్ గారు మెచ్చుకోవాలి.

పదిహేను నిమిషాల దారిని నేను నలభై నిమిషాలు తిప్పి తీసుకొస్తున్నాను. మీ అన్నయ్య రోజూ స్నేహితుడి కార్లో ఆఫీసుకి వెళ్తారు, ఆయనకి ఇదేమీ తెలియదు. ఆయన మంచం పక్కన కూర్చుని పుస్తకం చదువుతుంటే, అది మౌనంగా గోడని చూస్తుంటే, ఇంత మాట నేను దాచేసుకుని కూర్చున్నాను. చెబితే ఆపెయ్యమంటారేమో. థెరపిస్ట్ మాట నిజమై, నావల్లే పిల్లకి ఇంగ్లీషు రాకుండా పోతే? నువ్వు మాత్రం ఎక్కడా పొక్కనివ్వకు.

హైమ


మరీహామ్న్
4 మార్చి 1984

నా వదినా, నా బంగారు వదినా,

స్వయంప్రతిపత్తి గల కారుకి మా దీవుల అభినందనలు! ఇంగ్రిడ్ గారికి చెబితే ఆవిడ పడీపడీ నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకుని, మీ వదినకి పెద్ద దేశాల తీర్పు ఏమీ అక్కర్లేదని చెప్పు అంది. నేను ఇరవై మూడు వేల మందిని పొగిడాను. మీరిద్దరే ఇంత పని చేశారు. మీకు ఎన్ని దణ్ణాలు పెట్టాలి?

కవరు మీద చూశావా? ఈ నెల ఒకటో తారీఖు నుంచి దీవులకి సొంత స్టాంపులు! బిళ్ల మీద 'ఓలాండ్' అని తమ పేరే. పోస్టాఫీసు దగ్గర క్యూ వీధి చివర దాకా ఉంది. ఇంగ్రిడ్ గారు మంచి కోటు వేసుకుని వచ్చింది. ఆవిడ కొన్న మొదటి వాటిలో ఒకటి మీ కవరు మీద అంటించమని తనే ఇచ్చింది.

మీనా కారుకి జెండా గీసి లోపల పెట్టాను. అద్దానికి అంటించుకోమను. అన్నయ్యకి తెలియకుండానే సుమా.

నళిని


పార్సిప్పనీ
25 మార్చి 1984

నళినీ,

నువ్వు రహస్యాలు దాచడానికి పనికిరావు. అలాంటి స్టాంపు అంటించి, తెలియకుండా అని లోపల రాస్తావా?

ఆ రోజు నేను షాపుకి వెళ్లాను. ఉత్తరాలు మీ అన్నయ్య తెచ్చారు. ఎప్పట్లా ఫ్రిజ్ మీద పెట్టేవారే, కానీ తన దగ్గర లేని దేశం పేరు కనపడింది. ఆగగలరా? కెటిల్ పెట్టారు. స్టాంపు ఊడటానికి పట్టిన ఆవిరికి కవరు వెనక అంటు కూడా విడిపోయింది. లోపల నుంచి జెండా జారి పడింది. నేను వచ్చేసరికి స్టాంపు అద్దుడు కాగితం మీద ఆరుతోంది, ఉత్తరం చక్కగా మడిచి ఉంది, ఆయన కిటికీ దగ్గర నిలబడి పార్కింగ్ లాట్‌లో కారుని చూస్తున్నారు.

వారం రోజులు ఒక్క మాట అనలేదు. నేను ఎన్ని రకాల సమాధానాలు తయారు చేసుకున్నానో చెప్పలేను. శనివారం మధ్యాహ్నం కారు తాళాలు తీసుకుని, పాలు, ఐస్‌క్రీమ్ తెస్తాను, మీనాని తీసుకెళ్తాను అని ఇంగ్లీషులో అన్నారు. పది నిమిషాల దారి. గంటయింది. రాలేదు. రెండు గంటలైంది. ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలా, పోలీసులకి చెయ్యాలా అని ఫోను పుస్తకం తీశాను.

అప్పుడొచ్చారు. ఐస్‌క్రీమ్ మొత్తం నీరైపోయి సంచీలోంచి కారుతోంది. దారి తప్పారా అని అడిగాను.

"లేదు హైమా, కారు ఆపబుద్ధి కాలేదు" అన్నారు. ఆర్నెల్ల తర్వాత ఆ ఇంట్లో ఆయన నోట మొదటి తెలుగు ముక్క.

షాపు నుంచి బయటికొచ్చాక ఆయన ఏమీ మాట్లాడకుండా కారు స్టార్టు చేశారట. వెనక సీట్లోంచి మీనా, "నాన్నా, ఇది కారు. ఇక్కడ తెలుగే. నీకు తెలీదు, నేను నేర్పుతాను" అందట. నేర్పిందట కూడా, ట్రక్కుని ఎలా తిట్టాలో. హైవే దిగే మా ఎగ్జిట్ వచ్చింది. దిగితే ఇల్లొస్తుంది, ఇల్లొస్తే మాట ఆగిపోతుంది. ఆయన దిగలేదు. హైవే మీద అలా పోతూనే ఉన్నారు. డెలవేర్ నది దాకా పోయి, పెట్రోలు ముల్లు కిందికి దిగితే అప్పుడు వెనక్కి తిరిగారు.

ఆ నది దగ్గర అది అడిగిందట: "నాన్నా, నేనేం తప్పు చేశానని తెలుగు తీసేశారు?"

స్కూల్లో మాట్లాడనందుకు శిక్ష వేశామనుకుంది నళినీ. ఆర్నెల్లుగా అలాగే అనుకుంటోంది. మేమిద్దరం దాని కోసమని గుండె రాయి చేసుకుంటే, అది తన తప్పేమిటో వెతుక్కుంటూ గోడవైపు తిరిగి పడుకుంది. ఇది చెప్పి ఆయన వంటింట్లో కుర్చీలో కూలబడి ఏడ్చారు. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. మీనా వచ్చి చూసి, కంగారుగా ఆయన చొక్కా పట్టుకుని గుమ్మం వైపు లాగింది, కార్లోకి రమ్మని.

కాగితం ఫ్రిజ్ మీద నుంచి తీసేశాం. కానీ మీ మేనకోడలు చట్టం మార్చడానికి ఇంకా ఒప్పుకోలేదు. ఇంట్లో అడిగితే తల అడ్డంగా ఊపుతుంది. అందుకని సాయంత్రాలు ముగ్గురం ఇడ్లీ పళ్లాలు పట్టుకుని పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చుంటున్నాం. ఎదురింటావిడ పాపం, మా ఇంట్లో హీటు పాడైందనుకుని దుప్పట్లు తెచ్చింది. మీ అన్నయ్య అక్టోబర్ నుంచి నువ్వు రాసినవన్నీ వరసగా పైకి చదువుతున్నారు. 'దొర' అన్న ముక్క నేను చింపలేదు. దాన్ని రెండుసార్లు చదివారు. ఇంగ్రిడ్ గారికి గొంతు మారుస్తున్నారు.

స్కూల్లో మీనా ఇంకా నోరు విప్పలేదు. వచ్చే వారం థెరపిస్ట్ దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. ఈ కాగితం మాకొద్దు అని మీ అన్నయ్య మర్యాదగా తిరిగి ఇచ్చేస్తానంటున్నారు. రెండోసారి ఇస్తే రెండోసారి కూడా ఇచ్చేస్తారట. ఎవరి దగ్గర నేర్చుకున్నారో నీకు తెలుసు.

దీంతో పాటు నువ్వడిగిన క్యాసెట్ పంపుతున్నాను. ఏనుగు, దాని తమ్ముడు, ఇద్దరి స్నానం, అన్నీ ఉన్నాయి. వెనకాల గుర్రుమని ఒక చప్పుడు వస్తూనే ఉంటుంది. టేపు చెడిపోయిందనుకుని ఆపకు. అది మా కారు. మీ అన్నయ్య నడుపుతూనే ఉన్నారు.

మీ వదిన
హైమ